మంద మీద నీలం

గుట్టకిందపల్లె,
పులివెందుల తాలూకా.
20 ఆగస్టు 1995.

నా బంగారు తల్లి ఓబులమ్మకు,

నీ జాబు అందింది. మీ నాయన సంతోషం పట్టలేక, చెయ్యి కడుక్కోకుండానే కూర్చుని రాస్తున్నాడు. కాగితానికి గొర్రె వాసన వస్తే ముక్కు మూసుకోవద్దు, అది మన ఇంటి వాసనే.

నీ జాబు నేను చదివినాను, మీ అమ్మకు చదివి వినిపించినాను, పోస్టు మనిషిని కూర్చోబెట్టి మళ్ళీ వినిపించినాను. ఆయన "ఇది తెచ్చింది నేనే కదప్పా" అంటున్నా వదలలేదు. గండికోట చూడవచ్చిన మార్గరెట్ దొరసాని, కోట గోడ కింద బడిపిల్లలకు బొమ్మలు నేర్పిస్తున్న నిన్ను చూసి, తన ఊరికి రమ్మని టికెట్టు పంపడమేమి, మా ప్రొద్దుటూరు డ్రాయింగు టీచరమ్మ వేల్సు దేశం పోవడమేమి! అక్కడ పట్నాల వాళ్ళు సెలవు పెట్టి, పల్లెలో అద్దెకుండి, పొద్దు పొడిచినప్పటి నుంచి కొండలు గీసుకుంటా ఉంటారని రాసినావే, అది విని మీ అమ్మ ఏమన్నదో తెలుసా?

"దుడ్లు పెట్టి పోయి కొండల కెదురుగా కూసుంటారా! మన గుట్టలేం పాపం చేసినాయి, ఊరికే చూడనిస్తాండాయి గదా!"

అన్నది గానీ, నువ్వు పంపిన బొమ్మను దేవుడి పటం పక్కన పెట్టింది.

ఇక అసలు సంగతి. అక్కడ కొండల మీద అందరి మందలూ కలిసి మేస్తాయనీ, ఎవరి గొర్రె ఎవరిదో తెలియడానికి నడుము మీద రంగు పూస్తారనీ, దొరసాని గొర్రెలకు నీలం అనీ రాసినావు. ఇంతకాలం ఈ ఉపాయం మనకు తట్టలేదే తల్లీ! నీళ్ళ తొట్టి కాడ మందలు కలిసినప్పుడల్లా నేను గొంతు పోయేటట్టు అరుస్తానే! మరునాడే ప్రొద్దుటూరు బస్సెక్కినాను. నూలుకు రంగులద్దే మన మున్వర్ దగ్గరికి పోయి నీలం కావాలన్నాను.

"ఏం సిద్దప్పా, ఎవరికి నేయిస్తాండావు, పంచెలా చీరలా?"

"గొర్రెలకు."

"గొర్రెలకా! పెండ్లేమన్నా పెట్టుకున్నావా ఏంది?"

వాడు నవ్వి నవ్వి రంగు కుండ దొర్లించుకోబోయినాడు. నూలుకు పట్టే రంగు, ఉతికినా పోదని చెప్పి ఇచ్చినాడు. తెల్ల గొర్రెల నడుం మీద అరచేతి వెడల్పున పూసినాను. సాయంత్రం ఎండలో మంద ఇంటికి వస్తుంటే చూడాలమ్మా! నువ్వు పంపిన బొమ్మ లేచి నడిచి వచ్చినట్టే ఉంది.

మీ అమ్మ మాత్రం "ఊర్లో ఆ రంగు ఎవరిదో మరిచిపోయినావా?" అని అడిగింది. పంచాయతీ ఎలక్షన్లలో పైవీధి వాళ్ళు ఎద్దుల కొమ్ములకు నీలం, కిందవీధి వాళ్ళు ఎరుపు పూసింది నాకు తెలియదా? ఎలక్షన్లు అయిపోయినాయి. ఇప్పుడు రంగు ఉత్త రంగే. పైగా పైవీధి పెద్దాయన చెన్నప్ప నిన్న టెంకాయ, తువ్వాలు పంపించినాడు. నీ చదువుకు మర్యాద చేసినాడనుకుంటాను.

నువ్వు తొందరగా రా. వచ్చే దినం తెలిపితే పులివెందుల బస్టాండుకు మందతో సహా వస్తాను.

మీ నాయన,
సిద్దయ్య.


వేల్స్ నుంచి,
6 సెప్టెంబరు.

ప్రియమైన నాయనకు,

నీ జాబు చదివి నవ్వుతూ ఉంటే మార్గరెట్ ఏమిటని అడిగింది. చెప్పాను. వాళ్ళ ఉపాయం గుట్టకిందపల్లె దాకా నడిచిందని ఆమె సంబరపడి, తన గొర్రెల దగ్గరికి పోయి వాటికి కూడా చెప్పి వచ్చింది. మీ ఇద్దరూ ఒక మందలో ఇమిడే మనుషులు.

కానీ నాయనా, ఇక్కడ ఎరుపు పూసేవాళ్ళున్నారు, నలుపు పూసేవాళ్ళున్నారు. నీలం ఆమెది కాబట్టి రాశాను. నువ్వు ఆ నీలమే ఎందుకు తెచ్చుకున్నావు? ఎవరూ ఏమీ అనలేదు కదా? చెన్నప్ప తువ్వాలు నా చదువుకేనా?

ఇక్కడ సెలవులు అయిపోవచ్చాయి. నాతో బొమ్మలు గీసిన వాళ్ళందరూ సామాన్లు సర్దుకుంటున్నారు. మబ్బులు గీసి గీసి అందరి పెట్టెల్లో తెలుపు అయిపోయింది, నా పెట్టెలో మాత్రం ఎర్రమట్టి రంగు అయిపోయింది. ఏ కొండ గీసినా ఒక మూలన మన గుట్ట వచ్చి కూర్చుంటోంది. "ఇక్కడ ఇంత ఎరుపు ఎక్కడుంది?" అని మార్గరెట్ అడుగుతోంది.

ఇంకొక సంగతి. దగ్గరి పట్నంలో అక్టోబరు చివర్లో బొమ్మలు ప్రదర్శనకు పెడతారట. అప్పటిదాకా ఉండమంటున్నారు. బడికి సెలవు పొడిగించాలి. నాకు రావాలనీ ఉంది, ఉండాలనీ ఉంది. నువ్వు రమ్మంటే వచ్చేస్తాను. నీ మాట కోసం చూస్తుంటాను.

ఓబులమ్మ.


జమ్మలమడుగు,
22 సెప్టెంబరు.

నా తల్లి ఓబులమ్మకు,

నీ జాబు చేతులు మారి ఆలస్యంగా అందింది. చదివినాక నాకు ఎగరాలని ఉంది! ఉండు తల్లీ, తప్పకుండా ఉండు. అంతమంది తెల్లదొరల మధ్య సిద్దయ్య బిడ్డ గీసిన బొమ్మ గోడకు తగిలిస్తారంటే అంతకంటే ఏం కావాలి? దీపావళి దాకా ఉండు, ఇంకా ఉండమంటే ఇంకా ఉండు. తొందరపడి రావద్దు. ఇక్కడ నీకు కొత్తగా చూసేదేముంది?

మేము బాగున్నాము. మందకు గాలి మార్పు కావాలని ఈ పక్కకు తోలుకొచ్చినాను. మీ అమ్మ కూడా వెంట వచ్చింది, పెన్నను చూసి శానా దినాలయిందని. ఇక్కడ మేత బాగుంది, మనుషులు మంచివాళ్ళు. బస్టాండు దగ్గర టీ అంగడి జానీబీ నాకు రోజూ పిలిచి టీ పోస్తుంది. ఇకమీదట జాబులు ఆమె అంగడికే రాయి. ఊరికి రాయవద్దు. పోస్టు మనిషికి కాళ్ళ నొప్పులు, తిప్పలు పెట్టకూడదు కదా.

గొర్రెలు శానా బాగున్నాయి. నువ్వు బాగా గీయి. చలికి చెవులు కప్పుకో.

మీ నాయన.


ప్రొద్దుటూరు,
4 అక్టోబరు.

నాయనకు,

ఈ జాబు మీద మన దేశపు స్టాంపు చూసి ఉలిక్కిపడతావని తెలుసు. నేను వచ్చేశాను. నా గదిలో కూర్చుని రాస్తున్నాను.

నీ జాబు చదవగానే టికెట్టు మార్చమన్నాను. నాయనా, నీకు అబద్ధం చెప్పడం రాదు. మొదటి జాబులో మందతో సహా బస్టాండుకు వస్తానన్న మనిషివి, రెండో జాబులో ఇంకా ఉండమంటే ఇంకా ఉండమన్నావు. వాన కాలంలో నల్లరేగడి మీదికి మందను తోలితే కాళ్ళు చెడతాయని నాకు చెప్పింది నువ్వే. ఏ గొర్రెల కాపరి సెప్టెంబరులో జమ్మలమడుగు పక్కకు పోతాడు? మందతో ఒక్క రాత్రి కూడా బయట ఉండని అమ్మ పెన్నను చూడడానికి వచ్చిందా?

మార్గరెట్ రైలు దాకా వచ్చి సాగనంపింది. బొమ్మలు అక్కడే ఉంచితే నా పేరు మీద ప్రదర్శనలో పెడతానంది. కొన్ని ఇచ్చాను, కొన్ని తెచ్చుకున్నాను. బస్సు ముద్దనూరు దాటాక కిటికీలోంచి మట్టి కనపడగానే, అక్కడ ఎంత కలిపినా కుదరని రంగు ఇదే కదా అనుకున్నాను. కానీ ఆ సంతోషం ప్రొద్దుటూరులో దిగేదాకే. ఊరికి పోవడానికి బయలుదేరితే మున్వర్ ఎదురై, "అమ్మా, పోవద్దు. మీ ఇంటికి తాళం. మీ నాయన ఊరిడిచినాడు" అన్నాడు. ఎందుకని అడిగితే, "నా రంగుదే తప్పు" అని తల దించుకున్నాడు. అంతకంటే చెప్పలేదు.

నేను తెచ్చిన పెట్టె ఇంకా విప్పలేదు. విప్పి ఎవరికి చూపించాలి? జరిగింది జరిగినట్టు రాయి. లేకపోతే నేనే గండికోట పక్కకు వచ్చి మంద వెతుక్కుంటాను.

ఓబులమ్మ.


గండికోట దగ్గర,
8 అక్టోబరు.

నా తల్లీ, నా ప్రాణమా,

వచ్చినావా! జానీబీ జాబు ఇచ్చి "బిడ్డ ప్రొద్దుటూర్లోనే ఉండాది మామా" అంటే అంగడి ముందే కూలబడి ఏడ్చినాను. దుఃఖం కాదమ్మా, సంతోషమే. మీ అమ్మ అయితే నన్ను తిట్టడం ఆపేసింది. అది మామూలు సంతోషం కాదు.

ఇక దాచను. చెన్నప్ప పంపిన తువ్వాలు నీ చదువుకు కాదు. గొర్రెల మీద నీలం చూసి, ఇన్నాళ్ళకు సిద్దప్ప మా పక్కకు వచ్చినాడనుకున్నాడు. మన మంద రెండు వీధుల చేలల్లోనూ పండుకుంటుంది. ఎరువు కోసం ఈ చేను వాళ్ళూ పిలుస్తారు, ఆ చేను వాళ్ళూ పిలుస్తారు. మా తాత కాలం నుంచి మనం ఏ వీధికీ చెందకుండా బతికింది అందుకే. నేను ఒక్క పూట సంతోషంలో అది పోగొట్టినాను.

తువ్వాలు వచ్చిన మూడో నాడు మందను నీళ్ళకు తోలినాను. తొట్టి కిందవీధి పెద్దాయన సంజీవప్ప బోరు కాడ కదా. ఆయన మనుషులు కట్టెలు అడ్డం పెట్టినారు.

"ఏం సిద్దప్పా, నీలమోళ్ళ బోర్లు ఎండిపోయినాయా?"

"అది గుర్తు నాయనా, రంగు కాదు. మా అమ్మి రాసింది."

"మీ అమ్మి దేశాలు దాటి పార్టీ పెట్టిందా?"

అందరూ నవ్వినారు. నేను కూడా నవ్వినాను, నవ్వితే విడుస్తారేమోనని. రాయి ఒకటి వచ్చి పడింది. మన పెద్ద గొర్రె, పిల్లగా ఉన్నప్పుడు నువ్వు ఎత్తుకుని ముద్దుచేసేదానివే, దాని నడుం విరిగింది. రంగు పూసిన చోటే తగిలింది. రెండు దినాలు బతికింది.

అప్పుడు కడిగేద్దామనుకున్నాను. కుంకుడుకాయలు నానబెట్టి నేనూ మీ అమ్మా రుద్దినాము. మున్వర్ రంగు మంచి రంగమ్మా, ఏం పోలేదు. కబురు మాత్రం పైవీధికి పోయింది. చెన్నప్ప మనిషి దొడ్డి కాడికి వచ్చి, "మా రంగు కడుగుతాండావంటనే? కడిగితే మా మొగాన ఉమ్మినట్టే" అన్నాడు. మెల్లగానే అన్నాడు. ఊర్లో పోలీసు పికెట్టు ఉంది, అయినా పోయిన ఏడు వంక కాడ ఇద్దరిని నరికిన సంగతి నీకు తెలుసు. ఉంచితే వాళ్ళు, తీస్తే వీళ్ళు. తెల్లారకముందే మందను తోలుకుని వచ్చేసినాము.

నీ జాబుది తప్పు అనుకోవద్దు, ఒట్టు. నాకు ఇంత వయసులో అంత సంతోషం ఇచ్చిన జాబు అది. ఇక్కడ బాధల్లా ఒక్కటే. మేత లేదు, గొర్రెల కాళ్ళు నానిపోయి కుంటుతున్నాయి. ఇంకో నెల ఈడనే ఉంటే మందలో సగం మిగలదు. ఊరికి పోతే అంతకంటే ముందే పోతుంది.

నువ్వు ఆ ఊరి మొగాన పోవద్దు. నా మీద ఒట్టు.

మీ నాయన.


పులివెందుల,
13 అక్టోబరు.

నాయనా,

నీ ఒట్టు తీసి గట్టున పెట్టి ఊరికి పోయి వచ్చాను. కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదువు.

ముందు కిందవీధికే పోయాను. సంజీవప్ప ఇంట్లో లేడు. ఆయన భార్య ప్రమీలమ్మ వాకిట్లో వేరుశనగ కాయలు వలుస్తోంది. నన్ను చూసి లేచింది, మళ్ళీ కూర్చుంది.

"కూసోమ్మా టీచరూ. దేశాలు తిరిగొచ్చినావంట. మీ నాయన యాడ?"

"మీరు నీళ్ళు వద్దన్నారు కదా, నీళ్ళున్న చోటికి పోయినాడు."

ఆమె వీధి వైపు తొంగిచూసింది. తర్వాత గొంతు తగ్గించి అంది: "నేను వద్దన్నానా? ఈ మొగోళ్ళ పౌరుషానికి మా చేను మాడతాండాది. ఈ తూరి ఒక్క రాత్రి కూడా మంద పడలే. బుడ్డశనగ ఇత్తనం ఎయ్యాల, ఎరువు లేదు. రమ్మని పిల్సల్లంటే మీసం అడ్డమొస్తాంది ఆయనకు."

"మా నాయన రంగు తీసేస్తే పిలుస్తాడా?"

"తీస్తే ఆ వీధోళ్ళు ఊరుకుంటారా? నాకు తెలీదా తల్లీ."

నాయనా, అక్కడే నాకు మంద పండుగ గుర్తొచ్చింది. దీపావళి నాడు, మన మంద ఎవరెవరి చేలల్లో పండుకుంటుందో ఆ ఇళ్ళ ఆడవాళ్ళు వచ్చి తమ చేత్తో గొర్రెలకు పసుపు పూస్తారు కదా. ఆ ఆచారానికి ఏ వీధి అయినా ఒకటే. అమ్మ బొట్టు పెట్టి పిలిస్తే ఎవరూ రానని అనలేరు. నువ్వు కడిగితే చెన్నప్పకు అవమానం. ఆయన ఇంటి ఆడవాళ్ళే పసుపు పూస్తే ఎవరికి అవమానం?

ప్రమీలమ్మకు చెప్పాను. ఆమె చేతిలో కాయ చేతిలోనే ఆగిపోయింది. "మీ అమ్మను రమ్మను. నా నొసలు ఈడనే ఉంటాది" అంది.

పైవీధికీ పోయాను. చెన్నప్ప మంచం మీద కూర్చుని ఉన్నాడు. మంద పండుగకు మా నాయన వస్తున్నాడని మాత్రం చెప్పాను. "రానీమ్మా, మన మందే గదా" అన్నాడు. నేను అవునని అనలేదు, కాదని అనలేదు.

అమ్మను ముందు బస్సులో పంపించు. రెండు వీధుల్లోనూ ఒక్క గడప వదలకుండా బొట్టు పెట్టి పిలవమను. నువ్వు మెల్లగా మందను తోలుకుని బయలుదేరు. పసుపు ఎంత కావాలో అంత నేను పంపుతాను. నీళ్ళు తక్కువ పోసి ముద్దగా కలపమను, చిక్కగా పడాలి. భయం లేదని చెప్పను, నాకూ ఉంది. బడి వాళ్ళు ఇక సెలవు ఇవ్వరు. పండుగ నాటికి మాత్రం వస్తాను.

ఓబులమ్మ.


గుట్టకిందపల్లె,
25 అక్టోబరు.

నా తల్లి, నా మహారాణి ఓబులమ్మకు,

ఇంట్లో కూర్చుని రాస్తున్నాను! మన ఇంట్లో! మీ అమ్మ పొయ్యి మీద సంగటి కెలుకుతోంది, ఆ కట్టె చప్పుడు వింటూ రాస్తున్నాను. బందు చేసి బస్సులు ఆపిన వాళ్ళ ఇల్లు చల్లగుండ, నువ్వు పండుగకు రాలేకపోతివే! ఒక్కొక్కటీ చెప్తాను, నీ కళ్ళతో చూసినట్టే చెప్తాను.

మీ అమ్మ కుంకుమ భరిణె పట్టుకుని రెండు దినాలు గడప గడపా తిరిగింది. ఎవరి ఇంట్లోనూ మాట్లాడలేదంట, బొట్టు పెట్టి "మంద పండక్కు రా" అని మాత్రం అన్నదంట. నేను దీపావళి నాడు పొద్దున్నే మందను వంక దాటించినాను. దొడ్డి కాడ చూస్తే ఒక పక్క కిందవీధి మగవాళ్ళు, ఇంకో పక్క పైవీధి మగవాళ్ళు, నడుమ లాఠీలతో పికెట్టు పోలీసులు. నేను దేవునికి మొక్కుకోవడం కూడా మరిచిపోయినాను.

మొదట ప్రమీలమ్మ వచ్చింది. ముద్ద పసుపు తీసి, ముందున్న గొర్రె నడుం మీద, సరిగ్గా నీలం మీద, మెత్తింది. సంజీవప్ప పళ్ళు నూరుతున్నాడు, ఏమనలేడు. తర్వాత పైవీధి నుంచి ఎవరు కదిలినారనుకున్నావు? చెన్నప్ప తల్లి! కర్ర ఊతంగా వచ్చింది. చెన్నప్ప "అమ్మా" అన్నాడు. ఆమె వెనక్కి తిరిగి, "నేను కాపురానికొచ్చిన ఏటి నుంచి పూస్తాండా. నీ ఎలక్షను నిన్న మొన్నటిది" అన్నది. అంతే, ఆడవాళ్ళందరూ దిగినారు. ఆ వీధి, ఈ వీధి కలిసిపోయి, మోచేతుల దాకా పసుపు. గొర్రెలు అరుస్తున్నాయి, వీళ్ళు నవ్వుతున్నారు. మీ అమ్మ ఒక పోలీసాయనకు కూడా పూసింది!

పొద్దెక్కినాక గొర్రెల మీద చూపు ఆనించినానమ్మా. నీలం లేదు, పసుపూ లేదు. నడుముల మీద ఆకుపచ్చ! మంద మంద అంతా లేత గడ్డి మొలిచినట్టు పచ్చగా అయిపోయింది. సంజీవప్ప దగ్గరికి వచ్చి వంగి చూసినాడు.

"ఇదేం రంగు సిద్దప్పా?"

"నాకేం తెల్సు నాయనా, పూసింది మీ ఆడోళ్ళు."

చెన్నప్ప కూడా వచ్చినాడు. ఆయన ఈయనను చూసినాడు, ఈయన ఆయనను చూసినాడు. ఎలక్షన్ల నుంచి ఇద్దరూ అంత దగ్గరగా నిలబడింది లేదు. కిందవీధిలో ఎవరో, "ఆకుపచ్చ ఎవరిదిరా మనూర్లో?" అన్నారు. పైవీధిలో ఎవరో, "ఎవురిదీ కాదు" అన్నారు. చెన్నప్ప నవ్వలేదు, సంజీవప్ప నవ్వలేదు. కానీ ఇద్దరూ పక్కకు తప్పుకున్నారు.

తల్లీ, ఒక్కటి అడుగుతా. నీలం మీద పసుపు పడితే ఏమవుతుందో బొమ్మలు గీసే నీకు తెలియకుండా ఉంటుందా? తెలిసి కూడా మాకు చెప్పలేదు కదా? చిక్కగా కలపమన్నది అందుకేనా? చెప్పి ఉంటే నేను సంతోషంలో ఊరంతా చాటింపు వేసి చెడగొట్టి ఉందును. మంచి పని చేసినావు.

అన్నీ బాగైపోయినాయని అనను. పికెట్టు ఇంకా ఉంది. చెన్నప్ప మనుషులు నన్ను చూసి మొహం తిప్పుకుంటున్నారు. పోయిన పెద్ద గొర్రె రాదు. కానీ ఈ రాత్రి మంద సంజీవప్ప చేలో, రేపు రాత్రి చెన్నప్ప చేలో పండుకుంటుంది. ఇద్దరూ వాళ్ళ ఆడవాళ్ళ చేత కబురు పంపినారు.

శనివారం నువ్వు రావాలి. నీ పెట్టె తీసుకుని రా, ఇక్కడే విప్పు. ఆ దేశం కొండలు, ఆ దొరసాని ఇల్లు, అన్నీ వాకిట్లో పరిచి చూపించు. ప్రమీలమ్మ వస్తానన్నది, చెన్నప్ప తల్లి వస్తానన్నది.

నిన్న సాయంత్రం మందను తొట్టి కాడికి తోలినాను. కట్టెలు తీసేసి ఉన్నాయి. నేను దూరంగానే నిలబడినాను, ఏ పక్క నుంచి ఏం వస్తుందోనని నాలుగు దిక్కులా చూసుకుంటా. గొర్రెలు మాత్రం తలలు వంచి కడుపు నిండా తాగినాయమ్మా. ఒక్కటి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

మీ నాయన,
సిద్దయ్య.